మాట చెల్లని చోటికి సైన్యం

మల్కాజ్‌గిరి స్టేషన్‌లో మేడ్చల్ వైపు ఎంఎంటీఎస్ ఎక్కితే వరసగా వచ్చే పేర్లు ఇవి: దయానంద్ నగర్, సఫిల్‌గూడ, రామకృష్ణాపురం, అమ్ముగూడ, కావల్రీ బ్యారక్స్, అల్వాల్, బొల్లారం బజార్, బొల్లారం. గుర్రపు దళాల పేరు మీద లోకల్ రైలు స్టేషన్ ఉన్న ప్రాంతం మనది. చుట్టూ సైనిక్‌పురి, వాయుపురి, నేరేడ్‌మెట్ డిఫెన్స్ కాలనీ. టీవీలో ఎవరైనా యుద్ధం చేసేద్దాం అని గొంతు చించుకుంటే, ‘ఈయన ఎప్పుడైనా బోర్డర్ చూశాడా’ అని నవ్వే రిటైర్డ్ సుబేదార్లు ఇక్కడ గల్లీకి ఇద్దరుంటారు.

ఉక్రెయిన్ మీద రష్యా పడ్డప్పటి నుంచీ ఒక ప్రశ్న ఇంటింటా వినిపిస్తూనే ఉంది. పక్క దేశం మీదికి సైన్యాన్ని ఎందుకు పంపుతారు, కూర్చుని మాట్లాడుకుంటే తెగదా అని. జవాబు కోసం కీవ్ దాకా పోనక్కర్లేదు. 1948లో ఈ పట్టాలు నిజాం స్టేట్ రైల్వేవి. ఇదే లైనులో కొద్ది దూరంలోని బొల్లారంలో భారత ప్రభుత్వ ప్రతినిధి కె.ఎం. మున్షీ మకాం ఉండేది. లైను అక్కడితో ఆగదు. నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ పోతుంది. రాయబారం నడిచిన చోటు, సైన్యం కవాతు చేసిన చోటు, ఆ తర్వాత ఎవరూ మాట్లాడని దారుణాలు జరిగిన చోటు, మూడూ ఈ ఒక్క లైను మీదే ఉన్నాయి.

పొరుగు దేశమా, ఇంటి గదా?

ముందు ఒక అభ్యంతరం తీర్చుకోవాలి. హైదరాబాద్ దేశమెట్లా అవుతుంది, సంస్థానం కదా అని అడిగేవారుంటారు. ఆనాటి తగాదా మొత్తం అదే. సుమారు 82 వేల చదరపు మైళ్ల నేల, 1941 జనాభా లెక్కల్లో కోటీ 63 లక్షల మంది, సొంత నాణెం హాలీ సిక్కా, సొంత తపాలా, రైళ్లు, దక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు, సొంత సైన్యం. బ్రిటిష్‌వాళ్లు పోతే తాను స్వతంత్రుణ్నేనని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1947 జూన్‌లోనే ప్రకటించాడు. ఢిల్లీ లెక్క వేరు. 1798 సైన్య సహకార సంధి నాటి నుంచీ రక్షణను పరాయి చేతుల్లో పెట్టిన గద్దె ఏనాడూ సార్వభౌమ రాజ్యం కాదు, నాలుగు దిక్కులా భారతదేశమే ఉన్న నేల వేరే దేశం కాలేదు అన్నది దాని వాదన. అందుకే 1948 సెప్టెంబరులో జరిగిన దానికి ‘పోలీసు చర్య’ అని పేరు పెట్టింది. పాకిస్తాన్, నిజాం ప్రభుత్వం దండయాత్ర అన్నాయి.

2022లో మాస్కో కూడా తన దాడికి ‘ప్రత్యేక సైనిక చర్య’ అని పేరు పెట్టుకుంది. పేరు పోలినంత మాత్రాన రెండూ ఒకటి కావు. ఉక్రెయిన్ ఐక్యరాజ్యసమితి సభ్యదేశం. 1994 బుడాపెస్ట్ పత్రంలో దాని సరిహద్దులను గౌరవిస్తామని రష్యానే సంతకం చేసింది. హైదరాబాద్‌ను స్వతంత్ర దేశంగా ఏ రాజ్యమూ గుర్తించలేదు. లోపలి జనంలో అత్యధికులు నిజాం పాలన పోవాలనే కోరుకున్నారు. కాకపోతే వాళ్లను ఓటు ద్వారా ఎవరూ అడగలేదు. 1952 ఎన్నికల దాకా ఆ అవకాశం రాలేదు.

ఆ తెల్లవారుజాము

హైదరాబాద్ విషయంలో రాయబారం విఫలమైందని పుస్తకాలు రాస్తాయి. ఆ మాట నాకు పూర్తిగా ఒప్పుదల లేదు. రాయబారం ఫలించింది, ఒప్పందం కుదిరింది, కాగితం సిద్ధమైంది. సంతకం పెట్టాల్సిన రాత్రి ఏం జరిగిందో చూడాలి.

1947 జూలై నుంచీ మాటలు సాగుతున్నాయి. ఒక పక్క మౌంట్‌బాటెన్, సర్దార్ పటేల్, సంస్థానాల శాఖ కార్యదర్శి వి.పి. మేనన్. ఇంకో పక్క నిజాం ప్రధాని ఛతారీ నవాబు, న్యాయ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్. విలీనపత్రం మీద సంతకం చేయాలని ఢిల్లీ, సంధి తప్ప విలీనం వద్దని నిజాం. ఎటూ తెగక చివరికి మధ్యేమార్గం ఒకటి తయారైంది. ఏడాది పాటు బ్రిటిష్‌వాళ్ల కాలంలో ఉన్న ఏర్పాట్లే కొనసాగించే యథాతథ ఒడంబడిక. నిజాం మంత్రిమండలి రోజుల తరబడి చర్చించి మెజారిటీతో ఒప్పుకుంది. నిజాం కూడా సరేనన్నాడు. ప్రతినిధులు మర్నాడు ఢిల్లీ విమానం ఎక్కాలి.

అక్టోబరు 27 తెల్లవారకముందే వేల మంది జనం ఛతారీ, మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ ఇళ్లను చుట్టుముట్టారు. వాళ్లను పంపింది మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు, లాతూరు వకీలు కాసిం రజ్వీ. ప్రధానమంత్రి ఇంటినే జనం ముట్టడిస్తే ఆపే పోలీసు లేడు. ప్రతినిధుల ప్రయాణం ఆగిపోయింది. తర్వాత నిజాం రజ్వీని పిలిపించి మాట్లాడాడు. ఢిల్లీ కాశ్మీరులో చిక్కుకుంది, గట్టిగా పట్టుబడితే ఇంతకన్నా మంచి బేరం వస్తుంది అన్నది రజ్వీ వాదన. యాదృచ్ఛికమే అయినా, భారత సైన్యపు తొలి విమానాలు శ్రీనగర్‌లో దిగింది ఆ ఉదయమే.

ఛతారీ రాజీనామా చేశాడు. మాంక్టన్ తప్పుకున్నాడు. మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వంలో రజ్వీకి నచ్చిన కొత్త బృందం ఢిల్లీ వెళ్లింది. అక్కడ ఎవరూ మెత్తబడలేదు. నవంబరు 29న నిజాం సంతకం పెట్టిన ఒడంబడిక దాదాపు పాత ముసాయిదానే. నెల రోజుల హంగామాలో హైదరాబాద్ సాధించింది శూన్యం. పోగొట్టుకున్నది మాత్రం పెద్దది. హైదరాబాద్‌లో మాట ఇచ్చేవాడు వేరు, దాన్ని చెల్లనివ్వకుండా చేసేవాడు వేరు అని ఢిల్లీకి ఆ రోజు అర్థమైంది. ఆ తర్వాత మౌంట్‌బాటెన్ వంటి వాళ్లు ఎన్ని ముసాయిదాలు రాసినా, పటేల్‌కు వాటి మీద నమ్మకం లేదు. యుద్ధాన్ని ఆపగలిగిన ఆఖరి రోజు 1947 అక్టోబరు 27 అని నా అభిప్రాయం. తర్వాతి రాయబారమంతా తేదీని ముందుకో వెనక్కో జరపడానికే పనికొచ్చింది.

ఖాళీ అయిన బ్యారక్‌లు

ఒడంబడికలో మన చుట్టుపక్కల కాలనీలకు నేరుగా సంబంధించిన మాట ఒకటుంది. యుద్ధకాలంలో తప్ప, అదీ నిజాం ఒప్పుకుంటే తప్ప, భారత సైన్యం హైదరాబాద్ నేల మీద ఉండరాదు. దాని ప్రకారం 1948 మొదట్లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ నుంచి భారత దళాలు వెళ్లిపోయాయి. 1806 నుంచీ ఏదో ఒక సైన్యం ఉంటూ వచ్చిన తిరుమలగిరి, బొల్లారం బ్యారక్‌లు ఖాళీ అయ్యాయి. తన మాట నిలబెట్టుకోవడానికి ఢిల్లీ చేసిన పెద్ద పని ఇదే.

ఆ మేరకు ఢిల్లీని మెచ్చుకోవచ్చు. అట్లాగని అది చిత్తశుద్ధితో ఏడాది గడిపిందనలేం. కాశ్మీరు తెమిలేదాకా దానికీ గడువు కావాలి. నిజాంకు ఆయుధాలు తెచ్చుకోవడానికి గడువు కావాలి. ఒకే కాగితాన్ని ఇద్దరూ గడువు కోసమే వాడుకున్నారు. జనవరిలో వచ్చిన మున్షీ కూడా తటస్థ దూత కాదు. హైదరాబాద్ కలిసిపోవాల్సిందేనని నమ్మి వచ్చిన మనిషి. నిజాం ప్రభుత్వం ఆయన్ను ప్రతినిధిగా కాక గూఢచారిగా చూసింది. ఆయన వాళ్లను రజాకార్ల, అంటే రజ్వీ సాయుధ కార్యకర్తల, చేతి బొమ్మలుగా చూశాడు. ఇద్దరి అనుమానాల్లోనూ ఎంతో కొంత నిజముంది.

ఉల్లంఘనల చిట్టా రెండు వైపులా పెరిగింది. హైదరాబాద్ భారత రూపాయి చెల్లుబాటును ఆపేసింది, బంగారం వెండి బయటికి పోకుండా ఆర్డినెన్సు తెచ్చింది, భారత ప్రభుత్వ బాండ్ల రూపంలో 20 కోట్ల రూపాయలు పాకిస్తాన్‌కు అప్పిచ్చింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రిపూట బీదర్, వరంగల్‌లలో ఆయుధాలు దించేవాడు. ఢిల్లీ సరిహద్దుల్లో సరుకులకు అడ్డుకట్ట వేసింది. స్టేట్ కాంగ్రెస్ కార్యకర్తలు సరిహద్దు అవతలి శిబిరాల నుంచి దాడులు చేస్తుంటే చూసీ చూడనట్టు ఊరుకుంది. తగాదా వస్తే మధ్యవర్తికి అప్పగించాలన్న నిబంధన ఒడంబడికలో ఉంది. మధ్యవర్తిని కూర్చోబెట్టడం మాత్రం జరగలేదు.

ఈలోగా ఊళ్లు తగలబడుతున్నాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చిన నాటి నుంచీ నల్గొండ, వరంగల్ పల్లెల్లో కమ్యూనిస్టులు నడిపే రైతుల సంఘం దొరలతో తలపడుతోంది. దొరల వెనక నిజాం పోలీసు, పోలీసు వెనక రజాకార్లు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద పడి బురుజు నుంచి ఎదిరించిన ఊరిని ఊచకోత కోశారు. అంతకు కొద్ది రోజుల ముందు, రజాకార్లను తప్పుపట్టిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నడివీధిలో నరికి చంపారు. ప్రాణభయంతో వేలాదిమంది మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలకూ, బొంబాయి రాష్ట్రానికీ తరలిపోయారు.

సైన్యం ఎందుకు కదిలింది అన్నదానికి జవాబు ఇందులోనే ఉంది, ఒక్క కారణంగా కాదు. దేశపటం నడిబొడ్డున విడి రాజ్యం ఉంటే ఉత్తర దక్షిణాల రైళ్లూ రోడ్లూ దాని దయాదాక్షిణ్యాల మీద నడవాలి. దానికి పాకిస్తాన్ ఆయుధాలు తోడైతే భయం. సరిహద్దు దాటి వచ్చే కాందిశీకులతో పొరుగు రాష్ట్రాల మీద ఒత్తిడి. సంఘం చేతుల్లోకి పల్లెలు పోతున్నాయన్న కమ్యూనిస్టు భయం ఇంకొకటి. దీన్ని ఢిల్లీ గట్టిగా చెప్పలేదు గానీ, సెప్టెంబరు తర్వాత సైన్యం 1951 దాకా తెలంగాణలోనే ఉండి ఎవరితో పోరాడిందో చూస్తే తెలుస్తుంది. భయం, అవకాశం రెండూ ఒకేసారి కలిసొచ్చినప్పుడే బలవంతుడు పొరుగువాడి మీదికి పోతాడు. భయం ఒక్కటే ఉంటే కోటలు కట్టుకుని కూర్చుంటాడు.

డెహ్రాడూన్ సంతకం

1948 జూన్‌లో ఇంకో ముసాయిదా వచ్చింది. గుండెజబ్బుతో డెహ్రాడూన్‌లో విశ్రాంతి తీసుకుంటున్న పటేల్ దగ్గరికి మౌంట్‌బాటెన్ స్వయంగా వెళ్లి, ఆయనకు ఇష్టం లేకపోయినా ఒప్పించి వచ్చాడు. విలీనం మీద ప్రజాభిప్రాయ సేకరణ, రజాకార్ల రద్దు, బాధ్యతాయుత ప్రభుత్వం. బదులుగా హైదరాబాద్ పరిమితి మేరకు సొంత సైన్యం ఉంచుకోవచ్చు. మిగతా ఏ సంస్థానానికీ ఇంత దొరకలేదు. నిజాం ఇంకా మార్పులు అడిగాడు, చివరికి కాదన్నాడు. జూన్ 21న మౌంట్‌బాటెన్ దేశం విడిచి వెళ్లిపోయాడు.

మన పల్లెల్లో రాయబారం పద్యాలు విని పెరిగినవాళ్లకు ఇది కొత్త కథ కాదు. అయిదూళ్లకైనా సరేనంటూ కృష్ణుడు వస్తాడు. ధృతరాష్ట్రుడికి ఇవ్వాలనే ఉంటుంది, కొడుకు ఇవ్వనివ్వడు. లాయక్ అలీ ప్రధానమంత్రి, నిజాం ప్రభువు, మాట మాత్రం రజ్వీది. తన సైన్యం బలమెంతో సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్‌కు తెలుసు. ఎర్రకోట మీద జెండా ఎగరేస్తామని ఉపన్యాసాలిచ్చే వకీలుకు తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. రాజీ కుదిరితే అతని నాయకత్వానికి చోటుండదు. రాజీ వల్ల నష్టపోయేవాడి చేతిలో వీధి ఉంటే, రాజీకి ఒప్పుకున్నవాడి సంతకం వట్టి సిరా.

ఆఖరి ఉత్తరాలు మన పక్క బ్యారక్‌ల గురించే. ఆగస్టు 31న గవర్నర్ జనరల్ రాజాజీ నిజాంకు రాశారు, రజాకార్లను నిషేధించండి, భారత దళాలను మళ్లీ సికింద్రాబాద్‌కు రానివ్వండి అని. సెప్టెంబరు మొదటి వారంలో నిజాం కుదరదన్నాడు. హైదరాబాద్ అప్పటికే ఆగస్టు 21న భద్రతామండలికి ఫిర్యాదు పంపింది.

ఐదు రోజులు

సెప్టెంబరు 11న జిన్నా చనిపోయాడు. 13 తెల్లవారుజామున సోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి దళాలు నల్‌దుర్గ్ మీదుగా, బెజవాడ వైపు నుంచి ఇంకో దళం సూర్యాపేట దారిన లోపలికి వచ్చాయి. భద్రతామండలి ప్యారిస్‌లో ఈ విషయం చేపట్టింది 16న. 17 సాయంత్రం నిజాం దక్కన్ రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. 18న ఎల్ ఎద్రూస్ చౌదరికి లొంగిపోయాడు, సైన్యం సికింద్రాబాద్ చేరింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు 22న నిజాం తంతి పంపాడు. పోరు ఐదు రోజుల్లో ముగిసింది. ఆ రోజుల్లోనే లండన్ బ్యాంకులో నిజాం ఖాతా నుంచి పాకిస్తాన్ హైకమిషనర్ పేరుకు మారిన పది లక్షల పౌండ్ల వ్యాజ్యం 2019 అక్టోబరు 2న తీర్పు వచ్చేదాకా నడిచింది.

యానాం వేరే దారి

అదే నెహ్రూ ప్రభుత్వం, ఇంకో తెలుగు నేల. యానాం ఫ్రెంచివాళ్లది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో వాలంటీర్లు ఆంధ్ర వైపు నుంచి వచ్చి దాన్ని చేజిక్కించుకున్నారు. అక్కడా తుపాకులు పేలాయి. భారత సైన్యం మాత్రం రాలేదు. అక్టోబరు 18న కీళూరులో ఫ్రెంచి స్థావరాల ప్రజాప్రతినిధులు 178 మంది ఓటేస్తే 170 మంది విలీనానికి సరేనన్నారు. నవంబరు 1న అధికారం చేతులు మారింది. 1956లో ఒప్పందం రాసుకుని, 1962లో ఆమోదించుకున్నారు. అంత తీరిగ్గా జరగడానికి కారణం ఫ్రాన్సు మంచితనం కాదు. ఆ మే నెలలోనే దియన్ బియన్ ఫూలో ఓడి ఆసియాలో చేతులెత్తేసింది. కానీ ప్యారిస్‌లోని ప్రధాని మాట పాండిచ్చేరిలో, యానాంలో చెల్లింది. గోవా విషయంలో పోర్చుగల్ నియంత సలజార్ అసలు మాట్లాడటానికే ఒప్పుకోలేదు. అక్కడికి 1961 డిసెంబరులో సైన్యం పోయింది.

రాయబారాన్ని ముసుగుగా వాడినవాళ్లూ ఉన్నారు. 1990లో ఇరాక్ ప్రతినిధులు జెడ్డాలో కువైట్‌తో మాట్లాడి లేచిన మర్నాడు, ఆగస్టు 2న, ట్యాంకులు సరిహద్దు దాటాయి. అప్పుడు కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఎడారి దాటి అమ్మాన్ చేరుకుని ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరారు. యుద్ధాన్ని ఆపలేని రాయబారం మనుషుల్ని బయటికి తేగలిగింది. 2022 మార్చిలోనూ అంతే. ఢిల్లీ మాస్కోతో, కీవ్‌తో మాట్లాడి సుమీ నగరంలో ఇరుక్కున్న వందలాది విద్యార్థుల్ని బస్సుల్లో బయటికి రప్పించింది. ఆపరేషన్ గంగ విమానాల్లో దిగిన వైద్య విద్యార్థుల్లో మన పిల్లలు ఎందరో. వాళ్ల తల్లిదండ్రుల్ని అడగండి, రాయబారం దండగ అనరు.

ఎవరి కోసం మాట్లాడారు?

1948లో ఆ పాటి రాయబారం కూడా పల్లెలకు దక్కలేదు. నిజాం భవిష్యత్తు గురించి మాటలు బాగానే జరిగాయి. ఏటా 50 లక్షల రూపాయల రాజభరణం, 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్ హోదా. లాయక్ అలీ గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. రజ్వీ శిక్ష అనుభవించి 1957లో అటే పోయాడు. రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం రైతు, నేతపనివాడు, కూలీ మాత్రం ఊళ్లోనే మిగిలారు. ప్రతీకారం వాళ్ల మీద పడింది.

నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో జిల్లాలు తిరిగారు. తక్కువలో తక్కువగా వేసినా చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని రాశారు. ఎక్కువ నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. కొన్నిచోట్ల సైనికులు ప్రాణాలు కాపాడారనీ, కొన్నిచోట్ల లూటీల్లో, హత్యల్లో వాళ్ల చేయి ఉందనీ రెండూ రాశారు. బైరాన్‌పల్లి గురించి చెప్పి నాందేడ్ గురించి చెప్పకపోవడం, నాందేడ్ గురించి చెప్పి బైరాన్‌పల్లిని దాచడం, రెండూ ఒకే జబ్బు. ఐదు రోజుల్లో ముగిసిన యుద్ధమని గొప్పగా చెప్పుకునేటప్పుడు ఆరో రోజు నుంచి మొదలైన లెక్కను కూడా కలపాలి.

ఆ నివేదిక దశాబ్దాల పాటు అరల్లో మూలిగింది. 2013 ప్రాంతంలో ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పరిశోధకుల కంటపడింది. ఏటా సెప్టెంబరు 17న సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో కేంద్రం విమోచన దినం జరుపుతుంది, రాష్ట్రం తనకు నచ్చిన పేరుతో ఇంకో వేడుక చేస్తుంది. పేరు మీద పట్టింపు పక్కనపెట్టి, రెండు ప్రభుత్వాలూ కలిసి సుందర్‌లాల్ నివేదికనూ, బైరాన్‌పల్లి వంటి ఊళ్ల రజాకార్ల కాలపు రికార్డులనూ తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషల్లో అధికారికంగా అచ్చు వేయాలి. మల్కాజ్‌గిరి గ్రంథాలయంలోనూ నాందేడ్ గ్రంథాలయంలోనూ ఒక్కో ప్రతి పెట్టాలి.